దుమ్ము తూచేదాని జీతం

అగో! మల్ల గదే రాసిండ్రా సార్? 'దేవకి, భర్త హనుమండ్లు, జనరల్ మజ్దూర్.' గా పెన్ను జర ఆపుండ్రి. మజ్దూర్ అంటే ఏంది సార్? తట్ట మోసేది, గడ్డి పీకేది. నాలుగేండ్ల సంది గీ ల్యాబు రూముల కూసున్న, ఒక్క గడ్డిపోసన్న పీకిన్నా? బయట ఎవలనన్న అడుగుండ్రి.

నవ్వకుండ్రి. హెడ్డాఫీసు నుంచి గంత దూరం జీపుల వచ్చింది నా గ్రేడ్ తేల్చనీకే గద? తేల్చుండ్రి మరి. చాయ్ తాగుకుంట తేల్చుండ్రి. చక్కెర తక్కువైతే చెప్పుండ్రి, సిగ్గు పడకుండ్రి.

నా పని చూస్తరా? గిదిగో, అద్దాల పెట్టెల త్రాసు. గిది గుండ్రటి కాగితం, ఉల్లిపొర లెక్క పల్చగుంటది. కింద బొగ్గుబాయిల పంపు పెట్టి గాలి గుంజుతరు. గాలిల ఉన్న దుమ్మంత గీ కాగితానికి పడ్తది. పోయేటప్పుడు తూస్త, వచ్చినంక తూస్త. ఎంత బరువు పెరిగితే, కింద పనిచేసేటోళ్ళు గంత దుమ్ము మింగుతుండ్రన్నట్టు.

అయ్యయ్యో, చేతితోని ముట్టకుండ్రి సార్! మీ చెమటకే బరువు పెరుగుతది. గదిగో చిమటా, దాంతోని పట్టుండ్రి. చూసిండ్రా? పెద్ద సార్లకు రాంది మజ్దూర్‌కు వస్తది.

ఇగ జీతం ముచ్చట. నాకు నెలకు చేతికొచ్చేది తొమ్మిది నూర్లు. గా పంపును కిందికి మోసుకపోయే ఇబ్రాహీం భాయికి పదిహేడు నూర్లు వచ్చేది. ఆయనది టెక్నికల్ గ్రేడ్, గది గాక బాయిల దిగినందుకు రోజుకింత అలవెన్సు. నాతోని కరీంనగర్‌ల ఇంటర్ చదివిన ప్రమోదిని సర్కారు ల్యాబుల నీళ్ళు పరీక్ష చేస్తది. దానికి పదమూడు నూర్లు, ఆదివారం సెలవు. మా చిన్నమ్మ కొడుకు ఓ సిమెంటు ఫ్యాక్టరీల గిదే దుమ్ము పట్టుకొస్తడు, కాంట్రాక్టర్ కింద. వానికి రోజుకు పదిహేను రూపాలు, అవి సుత కాంట్రాక్టర్‌కు బుద్ధి పుట్టిన్నాడు!

అందరం చేసేది ఒక్కటే పని సార్. మనిషి లోపలికి పోయేటి గాలి, నీళ్ళు మంచిగున్నయా లేవా అని చూసుడు. మరి నాలుగు తీర్ల జీతాలేంది?

మూడుసార్లు అర్జీ పెట్టిన. మూడుసార్లు ఒకటే జవాబు: 'బాయిల దిగి సాంపిల్ తీసిన అనుభవం లేదు.' సరే, దిగుత అంటే? ఆడోళ్ళు బాయిల దిగద్దని కానూన్ ఉన్నదంటరు. దిగకుంటే గ్రేడ్ లేదు, దిగితే నౌకరి లేదు. ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటే గిదే గద! ఎవలు రాసిండ్రు సార్ గిది? మీరేనా? గందుకే తల దించుకున్నరు.

మా నాయినమ్మ కమలవ్వ దిగిందట తెలుసా. రెండో ప్రపంచ యుద్ధం లడాయి కాలంల బొగ్గు సరిపోక ఆడోళ్ళను సుత దింపిండ్రట. లడాయి అయిపోంగనే పైకి పంపిండ్రట. పైన కూలి తక్కువ. ముసల్ది సచ్చేదాక గునిసింది, 'నన్ను పైకి తెచ్చిండ్రు గని నా కూలిని కిందనే ఇడిసిపెట్టిండ్రు' అని. గా ముచ్చట చెప్పుకుంట మస్తు నవ్వేది. నవ్వుడు మా ఇంటి రోగం సార్, ఏమనుకోకుండ్రి.

సరే, అసలు సంగతికి వస్త. గా ఫైలు తీయుండ్రి. పోయినేటిది. కింది నుంచి తిప్పుండ్రి. ఆరు నెలలు కాగితాలన్ని తెల్లగ వచ్చినయి. త్రాసు ముల్లు కదలది. నేను రాసుకుంట పోయిన, దుమ్ము లేదు, దుమ్ము లేదు, దుమ్ము లేదు. మేనేజర్ సార్ ఖుష్, మీరు సుత ఖుష్ అయ్యే ఉంటరు.

ఇంటికి పోతే ఏముంటది? మా ఆయన బొగ్గు నింపే గ్యాంగుల పనిచేస్తడు. మొగని పేరు చెప్పద్దంటరు గని, మీ కాగితం మీద ఉన్నదే గద. పొద్దుగాల ముఖం కడుక్కుంట దగ్గుతడు. నల్లటి తెమడ. ఆఫీసుల తెల్లగ, ఇంట్ల నల్లగ! అబద్ధమాడేది ఎవలు? నా త్రాసా, నా మొగడా? మొగడు ఆడతడు సార్, కల్లు కాడికి పోయి మందుల దుకాణం కాడికి పోయిన అంటడు. గని గా దగ్గు అబద్ధం కాదు.

నాకు భయమైంది. మా కాలనీల గసుంటి దగ్గుతోని మంచం పట్టినోళ్ళను చూసిన. మా ఆయన లేకుంటే ఎట్ల అన్న సోయి రాంగనే బువ్వ దిగకపోయేది. పైకి మాత్రం ఆయనను తిట్టుకుంట తిరిగిన. గట్లనే తిరుగుతం గద మేం.

ఒకనాడు ఇబ్రాహీం భాయిని పట్టుకున్న. 'అన్నా, నిజం చెప్పు, పంపు యాడ పెడుతున్నవ్?' మొదలు గరం అయిండు. 'నాకు పని నేర్పుతవా' అన్నడు. ఇగ ప్యాంటు మడిచి మోకాలు చూపెట్టిండు. యా అల్లా, గుమ్మడికాయంత వాపు! మా బాయి నడిచి దిగేది, ఏటవాలు. పోను మైలు, రాను మైలు.

'బొగ్గు తీసే కాడిదాక నా కాళ్ళు పోతలెవ్వు బిడ్డా. సల్లగాలి వచ్చే తొవ్వలనే కూసోని పంపు నడిపిస్తున్న' అన్నడు. సల్లగాలిల దుమ్ము యాడికెళ్ళి వస్తది సార్? గందుకే తెల్ల కాగితాలు! రిటైర్మెంటుకు పదినెలలున్నదట. కాళ్ళు పనిచేస్తలెవ్వని చెప్తే అలవెన్సు కోస్తరని భయం. ఇంట్ల సుల్తాన్ బీ షుగర్ మనిషి, మందులకు గా అలవెన్సే ఆధారం. గంత పెద్దమనిషి నా ముంగట ఏడ్సిండు. తిడదామని పోయి, బజ్జీలు తినిపిచ్చి వచ్చిన.

తెల్లారి ఫస్ట్ షిఫ్టుకు పంపు బొగ్గు తీసే కాడికి పోయింది. ఇబ్రాహీం భాయి పోలే. ఆయన పైన కూసోని తస్బీ పూసలు తిప్పుకుంట దువా చేస్తుండు.

మరి ఎవలు తీస్కపోయిండ్రు అంటరా?

నేనే సార్. నేనే దిగిన.

అగో, దగ్గు మీకు పట్టుకున్నదేంది! నీళ్ళు తాగుండ్రి. తాగినంక వినుండ్రి.

ఇబ్రాహీం భాయి హాజరు టోకెన్, ఇబ్రాహీం భాయి లైటు. మా ఆయన ప్యాంటు, అంగి. బూట్లు రెండు సైజులు పెద్దగైతే ముంగట గుడ్డలు కుక్కిన. నెత్తికి తువ్వాల, మీద టోపీ. మా ఆయన 'నీ కాల్మొక్త, గాజులు తీసెయ్' అంటుండు. తీయలే. ఆయన పాణం కోసం పోవుకుంట నా చేతుల గాజులు నేనెట్ల తీస్త సార్? అంగి చేతులు కిందికి గుంజి దారంతోని కట్టుకున్న.

గ్యాంగు సర్దార్ లింగమూర్తి లైటు నా ముఖం మీద కొట్టిండు. 'ఎవలు ర గీ కొత్తోడు?' మా ఆయన తడబడి 'నా బామ్మర్ది' అన్నడు. గప్పుడే నేను పంపు పైకి లేపిన. దారం పటుక్కున తెగింది. ఎర్ర గాజులు, చేతికారు! లింగమూర్తి గాజులు చూసిండు. 'నీ బామ్మర్ది మస్తు షోకు మనిషే' అని గటు మల్లిండు. గ్యాంగుల పన్నెండు మంది. అందరు తట్టలు ఎత్తుకోని పనికి మల్లిండ్రు. ఒకడైతే 'బామ్మర్దీ, జర పక్కకు కూసో, బొగ్గు పడ్తది' అని మర్యాద చేసిండు.

షిఫ్టంత ఉన్న. ఎట్లుంటదో మీకు తెల్వది. బొగ్గు పలగ్గొట్టంగనే పక్కనున్న మనిషి కనవడడు. మా ఆయన రోజూ గా దుమ్ములనే ఊపిరి పీలుస్తుండని గప్పుడే తెలిసింది. గా పొద్దు నవ్వు రాలే సార్. ఇంటికి వచ్చినంక ఆయన చెయ్యి పట్టుకోని ఏడ్సిన.

కాగితం తూసిన. ఉండవలసిన దానికి మూడంతలు! మేనేజర్ సార్ నమ్మలే, తన ముంగటనే మల్ల తూపిచ్చిండు. మల్ల గంతే. నెల తిరుగకముందే కింద నీళ్ళ పైపులు ఏపిచ్చిండు. గిప్పుడు బొగ్గును తడిపినంకనే కొడుతుండ్రు. మా ఆయన దగ్గు మొత్తం పోలే గని తగ్గింది. ఇప్పుడు ముఖం కడుక్కుంట పాట పాడుతుండు. ఆ పాట దగ్గుకన్న అన్యాయం, అయినా ఊకున్న.

గా రిపోర్టు మంచిగున్నదని మీ ఆఫీసే లెటర్ రాసింది. ఎవల పేరు మీద? ఇబ్రాహీం సాంప్లర్. సొమ్మొకనిది సోకొకనిది! పాపం ఆయన మంచోడు. జీతం రోజు ఆ ఒక్కనాటి అలవెన్సు తెచ్చి నా చేతుల పెట్టిండు, 'గిది నీది బిడ్డా, నాకు హరామ్' అని.

ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే అంటరా? ఆయన మొన్ననే రిటైర్ అయిండు. రావలసిన పైసలన్ని అందుకోని సుల్తానాబాద్ పోయిండు. నిన్న మంచిగ చేరినమని ఉత్తరం వచ్చింది. గందుకే ఇయ్యాల నోరు తెరిచిన. నేను గంత పిచ్చిదాన్నా?

ఇగ రాయుండ్రి. దేవకి దిగింది అని రాస్తే అనుభవం ఉన్నట్టే, గ్రేడ్ ఇయ్యాలె. దిగలేదని రాస్తే గా రిపోర్టు దొంగది, మీ లెటర్ దొంగది. అట్లయితే పైపులు ఊడబీకిచ్చి, ఎందుకు పీకుతుండ్రో గా పన్నెండు మందికి మీరే చెప్పుండ్రి. కానూన్ తప్పిందని నౌకరి తీస్తరా? తీస్తే నా ఇద్దరు పిల్లలతోని గీ రూము ముంగటనే కూసుంట. భయం లేదనుకోకుండ్రి, మస్తున్నది. మాట్లాడుకుంట ఉంటేనే జర తక్కువైతది.

ఇంకొక్క మాట సార్. ఇబ్రాహీం భాయి జాగల కొత్తగ వచ్చిన పోరడు మొన్న కాగితం తెచ్చిండు. మల్ల తెల్లగున్నది. నీళ్ళ పైపులతోని తెల్లగైందా, వీడు సుత సల్లగాలి తొవ్వల కూసున్నడా? పైన కూసోని ఎట్ల తెలుస్తది?

గందుకే రేపు ఫస్ట్ షిఫ్టుకు దిగుతున్న. ఆపాలనుకుంటే పొద్దుగాల ఆరింటికి బాయి కాడికి రాండ్రి. మీకు సుత ఒక లైటు ఇప్పిస్త.