రెండో పాకలో దగ్గు

గురువారం పొద్దున ఐదుంపావు. బక్రీదు ఇంకా ఇరవై రెండు రోజులుంది. "అమ్మమ్మా, మజ్రాలో దగ్గొచ్చిన ఆ రోజు సంగతి మొదట్నుంచీ చెప్పు, మధ్యలో వంటల్లోకి వెళ్ళిపోకు" అన్నావు గనక గంటతో సహా చెప్తున్నా. గంట ఎందుకు గుర్తంటే, అప్పుడే ప్రార్థన ముగించి లేచాను. ఐదింటికి మోకరిస్తే పావుగంట. అంతకు మించి నా మోకాళ్ళు ఒప్పుకోవు. ఇప్పుడైతే కుర్చీలోనే అనుకో. కుర్చీలో కూచున్నవాళ్ళ మాట కూడా వింటాడులే దేవుడు.

మీ అమ్మ దోహాలో ఈ మన్సూరా ఫ్లాట్లోకి మారిన ఏడే అది. నువ్వు పదో క్లాసు. కాదు, తొమ్మిది. మేమప్పుడు షమాల్ వెళ్ళే రోడ్డు మీద మజ్రాలో ఉండేవాళ్ళం. మజ్రా అంటే తోట అంటారు గానీ అక్కడ పది ఈత చెట్లు, మిగతాదంతా పశువుల పాకలే. కోడెలు. మాంసానికి పెంచేవి. ఓడలో వస్తాయి డొక్కలు ఎగరేసుకుంటూ, మూడు నాలుగు నెలలు మేపి, ఒళ్ళు చేశాక అమ్ముతారు. అప్పటికి అన్నీ కలిపి నూట నలభై.

మీ తాతయ్య అక్కడ సూపర్‌వైజరు. మన ఊళ్ళో పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా పద్దెనిమిదేళ్ళు చేసి వచ్చారు కదా, ఆయన చెయ్యి పడితే పశువు కదలదని పేరు. నేను పనివాళ్ళందరికీ వంట. మేత వేసేది మల్లయ్య, జగిత్యాల వైపు మనిషి, నన్ను అక్కా అనేవాడు. పశువంటే ప్రాణం. లారీ ఎక్కించే రోజు మాత్రం తలనొప్పని ముసుగు తన్నేవాడు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఎవరి నమ్మకం వాళ్ళది.

చూడమ్మా, ఇక్కడ పశువుని మేపడం వేరు. మన ఊళ్ళో గేదె ఓ వారం పాలివ్వకపోతే గట్టు మీదకి తోలేస్తాం, దాని తిండి అది తింటుంది. మా నాన్న పదకొండు వందలు పోసి కొన్న గేదె ఉండేది, సూదిమందు రెండున్నర రూపాయల రోజులవి, జ్వరమొస్తే సూది వేయించి వదిలేసేవాడు. ఇక్కడో, గడ్డి కూడా ఓడెక్కి వచ్చేదే. నీళ్ళు ట్యాంకరులో వచ్చేవే. కోడె ఒక్క రోజు ఊరికే నిలబడితే ఆ రోజు మేత ఇసకలో పోసినట్టే. తిని కూడా బరువు పెరగలేదంటే మరీ నష్టం. అందుకని ఏ పశువుకి మందు వెయ్యాలి, దేన్ని ఉంచాలి, దేన్ని అమ్మాలి అని మీ తాతయ్య రోజూ తల పట్టుకునేవారు. అన్నం దగ్గర కూడా అదే లెక్క.

ఎక్కడున్నాను? ఆఁ, లేచాను. తలుపు దగ్గర మల్లయ్య. లోపలికి రాడు ఎప్పుడూ, గుమ్మం బయటే నిలబడి, "అక్కా, సారేడి? రెండో పాకల నాలుగు దగ్గుతున్నయ్. ఒకటి మెడ సాపి నిలబడ్డది, నీళ్ళు సుత ముడతలేదు" అన్నాడు.

మీ తాతయ్య టీ గ్లాసు అక్కడే పెట్టేసి వెళ్ళారు. వెనకే నేనూ వెళ్ళాను. అప్పటికే ఎండ మొహాన కొడుతోంది. నాలుగు కాదు, మేం చూస్తుండగానే తొమ్మిది. తడి దగ్గు. ముక్కుల్లోంచి కారుతోంది. ఆయన ఒక్కో దాని చెవి పట్టుకు చూసి ఇవతలికొచ్చారు. ఆ మొహం నేను మా మావగారు పోయిన రోజే చూశాను, మళ్ళీ అప్పుడే.

సంగతేంటంటే, తప్పు ఆయనదే. ఇది మీ అమ్మక్కూడా తెలీదు చాన్నాళ్ళు.

పన్నెండు రోజుల కిందట ఇరవై ఆరు కొత్త కోడెలు ఓడ దిగాయి. కొత్తగా వచ్చినవాటిని మూడు వారాలు దూరంగా, ఆ చివరి పాకలో ఉంచాలి. పశువుల డాక్టరు గారి మాట అది. సూడాన్ ఆయన, పెద్దాయన, వారానికోసారి వచ్చేవారు, ఆ రెండు వారాలూ సెలవులో ఉన్నారు. మొదటి రెండు రోజులూ అలాగే ఉంచారు. అవేమో గోడ వైపు తిరిగి నిలబడ్డాయి, తొట్టిలో మూతి పెట్టవు. మూడో రోజు మీ తాతయ్యకి మనసాగలేదు. మన వైపు సంతలోంచి కొత్త గేదెని తెస్తే విడిగా కడతామా? పాత గేదె పక్కనే కడతాం. పక్కది నములుతుంటే చూసి బెంగ మర్చిపోయి అదీ మూతి పెడుతుంది. మా నాన్న చేసిందదే, ఆయన నాన్న చేసిందీ అదే. మీ తాతయ్య ఆ ఇరవై ఆరింటినీ తోలుకొచ్చి రెండో పాకలో, పాతవి నలభై ఉంటే, వాటి మధ్య వదిలారు. మర్నాటికి తినడం మొదలెట్టాయి తెలుసా. ఆయన ఎంత సంబరపడ్డారనీ. "చూశావా, చదువుకున్న డాక్టరుకి తెలీదు, మీ నాన్నకి తెలుసు" అన్నారు. నేనూ పొంగిపోయాను. అబద్ధమెందుకు, మా నాన్న పేరు చెప్పాక నాకింకేం కనపడుతుంది.

రిజిస్టరులో మాత్రం కొత్తవి చివరి పాకలోనే ఉన్నట్టు ఉంది. డాక్టరు గారొచ్చాక చెబుదాంలే అనుకున్నారు. నోటితో చెబుదామనుకున్నది నోట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు దగ్గు సంగతి తెలిసి, సెలవు నుంచి అప్పుడే తిరిగొచ్చిన డాక్టరు గారూ, అర్బాబూ, అంటే మజ్రా యజమాని, పదింటికి వస్తున్నామని ఫోను. అర్బాబు అప్పటికే అన్నాడట, నూట నలభైకీ సూది వేసెయ్యండి అని. అది వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ మందు పడ్డ పశువుని నెల దాటేదాకా కోతకి ఇవ్వకూడదు, మందు మాంసంలో ఉండిపోతుంది. బక్రీదేమో ఇరవై రెండు రోజులు. ఇక్కడ మన్సూరాలోనూ, జదీదాలోనూ బంగ్లా వాళ్ళూ పాకిస్తాన్ వాళ్ళూ ఏడుగురేసి కలిసి కుర్బానీకి ఒక కోడెని చెప్పుకుంటారు చూడు, ఆ బేరాలన్నీ పోతాయి. అన్ని నెలలు మేపింది ఆ పండగ నాలుగు రోజుల కోసమే. పండగ దాటిందంటే వాటిని ఇంకో రెండు నెలలు మేపాలి, ధర పడిపోతుంది, మజ్రా మూసుకోవడమే. మూస్తే మేమే కాదు, మల్లయ్యా, మిగతా వాళ్ళూ రోడ్డున పడతాం.

నేను టీ మళ్ళీ వేడి చేసి ఇచ్చాను. ఆయన తాగలేదు. దుమ్ము దగ్గని చెబుదామా అన్నారు. తర్వాత, ఓడలోంచే అన్నిటికీ అంటుకుందని చెబుదామా అన్నారు. నాతో కాదు, గోడతో అంటున్నట్టు. నేను ఆయనకి ఎదురు చెప్పి ఎరగనమ్మా. గొంతెత్తడం నాకు చేతకాదు. ఆ పూట మాత్రం పక్కన కూచుని, "అన్నిటికీ అంటుకుందంటే అన్నిటికీ సూది వేస్తారండి. కొత్తవి రెండో పాకలో మాత్రమే కలిశాయని మీరు చెబితే, మొదటిదీ మూడోదీ బతికిపోతాయి. అవి శుభ్రంగా ఉన్నాయని మీకొక్కరికే తెలుసు" అన్నాను.

"ఉద్యోగం పోతుందే" అన్నారు.

"పోతే మనది పోతుంది" అన్నాను.

ఆయన లేచి మొహం కడుక్కుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. పశువుల పాకలోకి ఇస్త్రీ చొక్కా.

పదింటికి వచ్చారు. అర్బాబు మంచివాడే, కాకపోతే మాట తక్కువ. మీ తాతయ్య తనకొచ్చిన అరబ్బీ హిందీ అంతా కలిపి, పన్నెండు రోజులదీ దాచకుండా చెప్పేశారు. డాక్టరు గారి మొహం ఎర్రబడింది. మొదటి పాకా మూడో పాకా శుభ్రంగా ఉన్నాయని నిన్నెలా నమ్మమంటావు, రిజిస్టరులోనే తప్పు రాసినవాడివి అన్నారు. న్యాయమే కదా.

అప్పుడు నా పుస్తకం తెచ్చిచ్చాను. నవ్వకు. ప్రార్థన పుస్తకం. పొద్దున మేత వేసేటప్పుడు నేను బియ్యం ఏరుకుంటూ పాకలన్నీ చూసేదాన్ని. తొట్టి దగ్గరికి రాకుండా వెనక నిలబడ్డవాటి చెవి బిళ్ల నంబర్లు రాసుకుని మర్నాడు వాటి కోసం ప్రార్థన చేసేదాన్ని. మన జీతం వాటి ఒంటి మీదే ఉంది కదమ్మా. మీ తాతయ్య ఎప్పుడూ ఎగతాళే, "దేవుడికి నంబర్లు చెప్తావేంటే, ఆయన దగ్గర రిజిస్టరు లేదా" అని. డాక్టరు గారికి తెలుగు రాదు గానీ అంకెలు అంకెలే. తేదీలు చూశారు. పన్నెండు రోజుల్లో మొదటి పాకవీ మూడో పాకవీ ఒక్క నంబరూ లేదు. ఉన్నవన్నీ రెండో పాకవే. మొదట కొత్తవి, ఆ తర్వాత వాటి పక్కన నిలబడ్డ పాతవి. ఆయన రెండుసార్లు తిరగేసి, అర్బాబుకి ఏదో చెప్పారు నెమ్మదిగా.

రెండో పాకలో అరవై ఆరింటికీ జ్వరం చూశారు. ముప్పై ఒకటి తేలాయి. వాటికి సూది, అవి చివరి పాకకి. మిగతా ముప్పై ఐదూ అక్కడే, కనిపెట్టి ఉండాలి. తక్కిన రెండు పాకల్లో సూది లేదు, కొత్త మనిషి కాలు పెట్టకూడదు. అర్బాబు వెళ్తూ వెళ్తూ కారు అద్దం దించి మీ తాతయ్యని పిలిచాడు. "నువ్వు చెప్పకపోతే ఇవాళ నా చేత్తోనే నా పండగ పోగొట్టుకునేవాణ్ణి. జీతంలో సగం ఈ నెల కోస్తాను. వచ్చే నెల కొయ్యను" అన్నాడు. అంతే. అద్దం పైకెక్కింది.

రెండు పోయాయమ్మా, చెప్పాలి కదా. మల్లయ్య ఏడ్చాడు. మిగతా ఇరవై తొమ్మిదీ తేరుకుని పండగ దాటాక కాస్త తక్కువకి పోయాయి. సూది పడనివన్నీ పండక్కే అమ్ముడుపోయాయి. ఆ తర్వాత ఓడ బేరం పెట్టేముందు అర్బాబు మీ తాతయ్యని అడగడం మొదలెట్టాడు, ఎన్ని తెప్పించమంటావు అని. ఈయన ఎప్పుడూ తగ్గించే చెప్పేవారు. నలభై అంటే ఇరవై చాలనేవారు. చివరి పాకలో ఎన్ని పడతాయో అన్నే రావాలి, తినకపోతే తినకపోనీ, ముందు మూడు వారాలు గడవాలి అని. ఇంకోటి కూడా పట్టుకున్నారు, ఓడలో కలిసి వచ్చిన జతని విడదీయకుండా పక్కపక్కన ఉంచితే వాటికవే తింటాయట. మా నాన్న మాట పూర్తిగా తప్పేం కాదు చూడు. దాన్ని వాడిన చోటు తప్పింది.

ఆగు, మర్నాటి సంగతి వదిలేశాను. డాక్టరు గారు పెట్టిన ఇంకో షరతుంది. జబ్బు పశువుల్ని ముట్టుకునే మనిషి మంచివాటి వైపు రాకూడదు, మూడు వారాలూ అక్కడే ఉండాలి. ఎవరుంటారు? ఆయనే ఉంటానన్నారు. ఆయనుంటే నేనూ.

శుక్రవారం, ఇక్కడ సెలవు రోజు అదే కదా, చర్చిలో ఆరాధనకి తీసుకెళ్ళే దోహా బస్సు వచ్చి వెళ్ళిపోయింది. మేం ఎక్కలేదు. కాపురం మార్చాం. గ్యాసు పొయ్యి, బియ్యం సంచీ, రెండు చాపలు, బైబిలు, ఆయన థర్మామీటర్లు, అన్నీ తోపుడు బండిలో వేసుకుని ఆ చివరి పాక పక్క రేకుల గదిలోకి. బండి ఆయన లాగుతుంటే నేను వెనక నెట్టాను. మధ్యలో చక్రం ఇసకలో దిగబడి, దించుకుని మళ్ళీ ఎక్కించుకున్నాం. అక్కడికి వెళ్ళేసరికి ఒక కోడె, రాత్రంతా నిలబడ్డది, కూచుని నెమరేస్తోంది. ఆయన బండి వదిలేసి దాని ముందే చతికిలబడ్డారు.

మల్లయ్యేమో ఇటు రావడానికి వీల్లేదు. అవతలి పాక దగ్గర పెద్ద గిన్నె పట్టుకుని నిలబడి అరుస్తున్నాడు, ఇవాళ్టి నుంచీ అందరికీ తనే వండాలట. "అక్కా, పప్పుల చింతపండు ముందేస్తరా, ఎనకేస్తరా?"

నెమ్మదిగానే చెప్పాను. వినపడలేదు. మళ్ళీ చెప్పాను. అప్పుడిక, ఏం చేస్తాం, చీర కొంగు నడుముకి దోపుకుని అరిచాను, "పప్పు ఉడికాకే వెయ్యి తమ్ముడూ, ముందేస్తే ఉడికి చావదు" అని. నా గొంతు అంతుందని నాకే తెలీదు. కోడెలన్నీ తలెత్తి చూశాయి. మీ తాతయ్య అక్కడ నేల మీద కూచునే నవ్వడం మొదలెట్టారు, ముందురోజు నుంచీ అదే మొదటి నవ్వు. "ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే ఇది" అని... నేనింకా ఉప్పు ఎంతో చెప్పలేదు, మల్లయ్యేమో చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని చూస్తున్నాడు. సరే, మళ్ళీ అరిచాను.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి నా తల్లీ...