తీజానీ తేల్చిన సంబంధం

ఏంటీ, మీ అమ్మ మేనమామ తీజానీ తెలివే నీకొచ్చిందన్నారా? అయ్యో తల్లీ, అంత మాట ఎవరన్నారు? సరే కూర్చో, ఆ ఖర్జూరం మిఠాయి, మఖ్రూద్, తింటూ విను. చిన్నప్పట్నుంచీ మావి పక్కపక్క ఇళ్ళు, తెలివంటే వాడిదే, కాదనను. మా కైరవాన్ ఊరు మొత్తంలో చదరంగంలో వాణ్ణి ఓడించినవాడు లేడు. బళ్ళో లెక్కలు చెప్పేవాడు, ఎంత పెద్ద లెక్కయినా గడ్డం గోక్కుంటూ నోటితోనే చేసేసేవాడు. అందుకని గాడిదని కొనాలన్నా, పిల్లనివ్వాలన్నా మా వీధంతా వాణ్ణే అడిగేది. లెక్క తెలిసినవాడికి మనిషి తెలీడా అని! ఏం చెబుతున్నా? ఆ, మీ అమ్మమ్మ జోహ్రా సంబంధం.

మీ తాత హెదీ అప్పట్లో తివాచీలు నేసేవాడు. నోట్లో మాటుండేది కాదు. జోహ్రాని చేసుకుంటానని వచ్చాడు కదా, తీజానీ వాడి మీద కన్నేసి ఉంచాడు. ప్రతి గురువారం సూస్ పట్నం వెళ్ళే బస్సెక్కుతాడు. ఓసారి చంకలో చిన్న చెప్పులు. తిరిగొస్తే ఒంటి మీద నారింజపూల వాసన. ఇంకేం! "వాడికి సూస్‌లో పెళ్ళాం ఉంది, పిల్లా ఉంది" అని తేల్చేశాడు. ఎంత ముచ్చటగా విడమరిచాడంటే, వీధి వీధంతా తలూపింది. జోహ్రా మాత్రం "అన్నయ్యా, అతన్నే అడగొచ్చుగా?" అంది. "అడిగితే నిజం చెప్తాడటే పిచ్చిమొహమా? ఆలోచించడం చేతకానివాళ్ళు అడుగుతారు" అన్నాడు వీడు. మండిపోయింది దానికి. గురువారం రాగానే తిన్నగా బస్సు దగ్గరికెళ్ళి, "నేనూ రావచ్చా?" అంది హెదీతో. "రండి" అన్నాడు వాడు. అంతే! వెనకాలే నేనూ తీజానీ పరుగో పరుగు, అదే బస్సెక్కేశాం.

సూస్‌లో ఎవరున్నారనుకున్నావ్? వాణ్ణి పెంచిన మేనత్త. చూపు లేదు, పాదాలు చూస్తే చిన్నపిల్లవి. హెదీ కింద కూర్చుని, నారింజపూల నీళ్ళు కలిపి ఆ పాదాలు కడిగాడు. జోహ్రా గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. "ఈ సంగతి ఇన్నాళ్ళూ చెప్పలేదేమయ్యా?" అన్నాన్నేను. "మీరెవరూ అడగలేదుగా" అన్నాడు. మరి తీజానీయా? గడ్డం గోక్కుని, "ఈవిడే పెళ్ళాం కాదని రుజువేంటి?" అన్నాడు! ఒట్టు! "ఎవడ్రా వాడు?" అని ముసలమ్మ చెప్పు విసిరింది చూడు, చూపు లేకపోయినా సరిగ్గా నుదుటి మీదే తగిలింది.

పెళ్ళిలో అందరికంటే ఎక్కువ గెంతింది వాడే. "నా ఆలోచనలో తప్పు లేదురా, హెదీయే మరీ మంచివాడైపోయాడు" అనేవాడు. అలాంటివాడు తల్లీ! మంచాన పడ్డప్పుడు చూడ్డానికెళ్ళాను. "డాక్టరు తగ్గుతుందన్నాడు, నేను ఆలోచించి చూశాను, తగ్గదు" అన్నాడు. "మనుషుల సంగతిలో నీ లెక్క ఎప్పుడు కుదిరిందిరా?" అన్నాను. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ ఒక్కసారే వాడి లెక్క కుదిరింది...

ఆ కిటికీ మూసెయ్యమ్మా, దుమ్మొస్తోంది.