తిరిగి రాని ఉత్తరాలు

కళ్ళజోళ్ళ దుకాణం. బేరాల్లేని మధ్యాహ్నం. కంప్యూటర్ ముందు మరిది, పక్కన స్టూలు మీద వదిన.

"అవి చిన్నవి చెయ్యకు."

"ఏవి వదినా?"

"ఆ ఫోటోలు. మన వెబ్‌సైటుకి కొత్త కంపెనీవాళ్ళు చోటు తక్కువిచ్చారు, చిన్నవి చేసి ఎక్కిస్తానన్నావు కదా పొద్దున."

"కళ్ళజోడు పెట్టుకున్న కస్టమర్ల మొహాలు వదినా ఇవి. ఎంత పెద్దగా ఉంటే మాత్రం ఎవరు చూస్తారు? సగంమంది ఆ ఫ్రేములు విరగ్గొట్టుకుని మళ్ళీ కొనుక్కున్నారు కూడా."

"నేను చూస్తాను. ఇలా ఇవ్వు ఆ మౌసు. ఇదిగో, ఈ ముసలాయన్ని పెద్దగా చేసి చూడు. ఆ కళ్ళద్దంలో ఏం కనపడుతోంది?"

"మన ట్యూబులైటు."

"దాని కింద."

"ఫోన్ పట్టుకుని... అన్నయ్య."

"చిన్నవి చేస్తే ఆయన పోతారు."

"సరే. చెయ్యను. ఉన్నవి ఉన్నట్టే ఎక్కిస్తా."

"ఇంకేం మిగిలింది?"

"వెబ్‌సైటు కొత్తచోటికి వెళ్ళిపోయింది. ఫైళ్ళు వెళ్తున్నాయి. మెయిల్ పెట్టెలో ఉన్నవన్నీ కొత్తచోట దిగాయి, చెత్తతో సహా. బట్టతల మీద జుట్టు మొలిపించే నూనె ప్రకటన కూడా దాచారే, ఎవరికి?"

"నీకు పనికొస్తుందేమోనని."

"బాగుంది!"

"ఎవరు ఏ పేరుతో రాస్తారో ఏం తెలుసు? అన్నీ తెరిచి చూస్తాను. అందుకే ఏదీ తీసెయ్యను. ఏం, ఆగిపోయావేం?"

"వదినా, మీరు పంపినవాటిలో ఇవన్నీ... అన్నయ్య సొంత మెయిల్‌కి. వారం వారం రాస్తున్నారా?"

"చదవకు."

"చదవట్లేదు. ఒక్కదానికీ జవాబు లేదు."

"లేదు. కానీ తిరిగీ రాలేదు. అడ్రసు చచ్చిపోతే ఉత్తరం వెనక్కొస్తుందని నువ్వే చెప్పావు. మన లెన్సుల డీలరు వ్యాపారం మానేశాక ఆయనకి పంపింది వెంటనే వెనక్కొచ్చింది కదా. ఇవి ఒక్కటీ రాలేదు."

"వెనక్కి రానంత మాత్రాన చదివినట్టు కాదు వదినా."

"దేవుడికి చెప్పుకునేదీ అంతే కదా. జవాబూ రాదు, తిరిగీ రాదు. అయినా పొద్దున్నే లేచి దండం పెట్టుకోవట్లేదా?"

"నేను దేవుడి గురించి అనట్లేదు."

"నేనూ అనట్లేదులే. పని కానియ్యి."

"పని ఒకచోట ఆగింది. కోప్పడకుండా వింటే చెప్తా."

"కోప్పడతానని ముందే తెలిస్తే ఎందుకు చెప్పడం? సరే చెప్పు."

"సామానంతా కొత్తింట్లో దించాం అనుకోండి. ఇంటి నంబరు పలక మాత్రం పాతవాళ్ళ దగ్గరే ఉంది. అదే ఇంటర్నెట్‌లో మన షాపు పేరు, అందరూ మనకి రాసే మెయిల్ అడ్రసు. అది కొత్తచోటికి రాకపోతే మనకి రాసిందేదీ మనకి చేరదు."

"తెచ్చుకో మరి."

"అది అన్నయ్య పేర ఉంది. 'నాకు సమ్మతమే' అని అన్నయ్య ఒక్కసారి నొక్కాలి. ఆ ప్రశ్న అన్నయ్య సొంత మెయిల్‌కే పోతుంది. పోయిన వారం పంపించాను. ఉలుకూ పలుకూ లేదు. గడువు దాటి దానంతటదే రద్దయింది."

"అన్నీ తన పేరే పెట్టుకునేవారు. షట్టర్‌కి తాళంచెవి కూడా ఒక్కటే చేయించి, అది జేబులో వేసుకుని పోయారు. పగలగొట్టించాం కదా ఆ తాళం. ఇదీ అలా కుదరదా?"

"కుదరదు. పాత కంపెనీ ఇవాళ సాయంత్రంతో మూసేస్తోంది."

"రేపు ఆయన రాస్తే?"

"చేరదు. తిరిగెళ్తుంది."

"ఆయనకి తెలిసింది ఈ అడ్రసొక్కటే బాబూ. షాపు వీధి మారింది, ఇల్లు మారింది, ఫోన్ నంబర్లు మారాయి."

"తెలుసు వదినా."

"ఆయన రాయడానికి దారి ఉండాలంటే ఆయనే వచ్చి నొక్కాలి. ఆయనే వచ్చేట్టయితే ఈ దారెందుకు నాకు?"

"ఇంకో పద్ధతుంది."

"వద్దు."

"నేనింకా ఏమీ అనలేదు."

"నువ్వు అనబోయేది నాకు తెలుసు. సొరుగులో కాగితం. ఇన్నేళ్ళు కనపడని మనిషి పోయినట్టే లెక్క అని కోర్టువాళ్ళు ఇచ్చింది. షాపు అద్దె ఒప్పందం మార్పించుకోవడానికి ఒక్కసారి వాడుకుంటానన్నావు. ఒక్కసారే అన్నావు."

"యజమాని లేడని అది చూపిస్తే పేరు మీకిచ్చేస్తారు. అన్నయ్య నొక్కక్కర్లేదు."

"లేరని నేను చెప్పాలి."

"మీరెందుకు, కాగితం చెప్తుంది."

"దాంతో పెట్టే అర్జీ కింద సంతకం ఎవరిది?"

"మీదే."

"ఆయన వెళ్ళిపోయిన రోజు షాపులో మీ అన్నదమ్ములిద్దరి మధ్య ఏం జరిగింది?"

"ఇప్పుడెందుకది?"

"సంతకం పెట్టేముందు అడుగుతున్నాను."

"ఏం జరగలేదని వందసార్లు చెప్పాను. గాజు తలుపు తుడిచాడు, ఇప్పుడే వస్తానన్నాడు, వెళ్ళాడు. నాకూ అన్నయ్యే వదినా."

"సరే. సరేలే."

"మీరు నమ్మరు."

"సరేనన్నాను కదా. ఉన్నారనుకుంటూ కూర్చుంటే దారి మూసుకుపోతుందిట. లేరని రాసిస్తే తెరిచి ఉంటుందిట. ఇలాంటి లెక్క దేవుడు పెట్టడు, మనుషులే పెట్టి ఉంటారు."

"పెట్టేస్తారా మరి?"

"ముందు ఆ ముసలాయన ఫోటో మూసెయ్యి. ఆ అద్దంలోంచి మీ అన్నయ్య చూస్తుండగా పెట్టలేను."

"మూసేశాను. ఇదిగో, ఫోన్ మీద, ఇక్కడ. వేలితో రాస్తే చాలు."

"వంకరగా వచ్చింది."

"వంకరైనా పర్లేదు. పంపేశాను."

"అయిపోయినట్టేనా?"

"ఒక్కటుంది. వాళ్ళు ఆఖరిసారి అన్నయ్య మెయిల్‌కి ఒక మాట పంపుతారు. 'మీరు చనిపోయారని మాకు కాగితం వచ్చింది, అభ్యంతరం ఉంటే ఇక్కడ నొక్కండి' అని."

"పోయినవాళ్ళనా అడుగుతారు?"

"వాళ్ళ నియమం అది. సాయంత్రం దాకా చూసి, జవాబు రాకపోతే పేరు మనకిచ్చేస్తారు."

"జవాబు రాకపోతే."

"రాదులెండి. ఇన్నేళ్ళలో రానిది ఈ పూట వస్తుందా?"

"ఇన్నేళ్ళూ జవాబు రావాలని దండం పెట్టుకున్నాను. ఇప్పుడు రాకూడదని పెట్టుకోవాలా?"

"ఏమీ పెట్టుకోకండి. ఊరికే కూర్చోండి."

"మనసు ఊరుకుంటుందా? మొన్న నువ్వు కంపెనీవాళ్ళతో ఫోన్‌లో అంటుంటే విని ఆయనకి రాశాను కూడా. ఈ అడ్రసు పోతోంది, నా మీద కోపముంటే ఉండనీండి, సమ్మతమని ఒక్కసారి నొక్కి ఊరుకోండి, ఇంకేం అడగను అని."

"మీ మీద కోపమెందుకుంటుంది?"

"ఎవరి మీదో ఉండే ఉంటుంది కదా."

"ఎవరో వస్తున్నారు చూడండి."

"రండి బాబాయిగారూ, కూర్చోండి. మళ్ళీ జారుతోందా? తప్పు మీ ముక్కుదండీ, ఫ్రేముది కాదు. ఏదీ, ఇలా ఇవ్వండి, మర బిగిస్తాను. ఇప్పుడు పెట్టుకుని వంగండి. ఇంకా వంగండి. పడిందా? పడలేదు కదా. వెళ్ళిరండి, మెట్టు చూసుకుని దిగండి."

"వదినా."

"ఉండు, ఈ స్క్రూడ్రైవర్ దాని చోట పెట్టేసి వస్తా. నువ్వు ఎక్కడ పడితే అక్కడ పడేస్తావు."

"వదినా, ఇలా రండి. పాత కంపెనీ నుంచి వచ్చింది."

"అప్పుడే సాయంత్రమైందా?"

"కాలేదు. ముందే పంపారు. 'యజమాని అభ్యంతరం తెలిపినందున మీ అభ్యర్థనను తిరస్కరిస్తున్నాము.'"

"నాకర్థమయ్యేలా చెప్పు."

"పేరు మనకి రాదు. సాయంత్రంతో అడ్రసు పోతుంది."

"అది కాదు. అభ్యంతరం ఎవరు చెప్పారు?"

"యజమానే అని ఉంది వదినా."

"నువ్వేమైనా నొక్కావా?"

"నాకా పెట్టె పాస్‌వర్డ్ ఎక్కడిది? ఎవరికీ లేదు. అన్నయ్య ఒక్కడికే."

"ఉన్నారు."

"ఉన్నాడు."

"ఏమైనా రాశారా? కింద చూడు. ఇంకా కిందకి, ఎక్కడైనా."

"రాయడానికి చోటిచ్చారు. ఖాళీగా వదిలేశాడు."

"ఒక్క ముక్కా లేదా?"

"ఒక్క ముక్క కూడా లేదు. మీరు కూర్చోండి, మంచినీళ్ళు తెస్తా. బతికున్నాడు వదినా. అది చాలదా మనకి?"

"అయితే నేను రాసినవన్నీ చేరాయన్నమాట."