రెప్పలున్న చేప

పాతకాలపు చేపల బొమ్మల పుస్తకాలు పోగుచేసే కళ్ళ డాక్టరుగారికి, అందులో ఒకదాన్ని బైండింగుకిచ్చినప్పట్నుంచీ వారం రోజులుగా మనసు మనసులో లేదు. ఇవాళ జిగురు వాసన కొట్టే బైండరు కొట్లో నిలబడి, ఊపిరి బిగపట్టి పేజీలు తిప్పుతున్నారు.

"కుట్టు బ్రహ్మాండంగా ఉందయ్యా. కానీ ఈ చేపకి కనురెప్పలుండాలే?"

"మీ కంట పడుతుందనుకున్నాను డాక్టరుగారూ! చేపకి రెప్పలేమిటండీ, విడ్డూరం కాకపోతే? ఆ బొమ్మ వేసినాయన చేపని చూసుండడు. బ్లేడుతో మెల్లిగా గీకేశాను."

"గీకేశావా!"

"దానికేం ఇవ్వొద్దు లెండి. మీరు పాత ఖాతా."

"ఆ తప్పు కోసమే కదయ్యా నేను పదేళ్ళు వెతికి కొన్నది! రెండోసారి అచ్చేసినప్పుడు దిద్దేశారు. రెప్పలున్న కాపీలు ప్రపంచం మొత్తం మీద మూడే ఉన్నాయి!"

"మరి దిద్దినవో?"

"అవెవడిక్కావాలి? ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి."

"అంటే ఒప్పు చవకా, తప్పు ఖరీదా అండీ?"

డాక్టరుగారు తల పట్టుకుని స్టూలు మీద కూలబడ్డారు.

"ఈమాత్రానికి అంత బెంగెందుకండీ? నా దగ్గర సన్న కుంచె ఉంది. పుస్తకంలో నలభై చేపలున్నాయి కదా, సాయంత్రానికల్లా అన్నిటికీ రెప్పలు పెట్టేస్తాను."