పెట్టె ముందు నడక

ఇంగ్లండ్‌లో కవెంట్రీ ఊరి చివర ఆర్డెన్‌హర్స్ట్ కార్ల కర్మాగారం. మేడమీద గదిలో సంస్థ అధిపతి పెరెగ్రిన్ హోల్ట్, కింద గేటు గదిలో బెరిల్ టోంక్స్. మధ్యన గరగరలాడే ఫోను.

“సవాలు బండా? ఎవడు చేశాడు సవాలు?”

“సవాలు కాదు సార్, శవాలు! శవాల బండి! గేటు దగ్గర ఆగింది.”

“శవాలా! ఎన్ని?”

“ఒకటే సార్. బండి పేరు అంతే. పళ్లబండిలో ఒక్క పండే ఉన్నా పళ్లబండే కదా.”

“నాకు అర్థమైంది బెరిల్, నువ్వేం చెప్పక్కర్లేదు. మొన్న పేపర్లో బొమ్మ వేశారుగా, మన కార్ల గుర్తు దుప్పిని పెట్టెలో పడుకోబెట్టి, పక్కన నన్ను గునపంతో నిలబెట్టి? శుక్రవారం నాడు నీ గేటు ముందే పాతిపెడతాం అని ఎవడో ఉత్తరం కూడా పడేశాడు. ఇవాళ ఏ వారం?”

“శుక్రవారమే సార్. కానీ ఇది...”

“అదే! దుప్పికి ఉత్తుత్తి శవయాత్ర! వెనక ఎంతమంది ఉన్నారు?”

“వీధి నిండా సార్. రంగులేసే షెడ్డు మొత్తం వచ్చేసింది. తోలు కుట్టేవాళ్లు, రిటైరైనవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు...”

“అరుస్తున్నారా?”

“లేదు సార్. ఒక్కరు కూడా నోరు విప్పట్లేదు.”

“అయ్యబాబోయ్. అరిస్తే బావుండేది. అరిచేవాళ్లకి గొంతు పోతే ఇంటికెళ్తారు. వీళ్లకి పోయేదేముంది?”

“ఉద్యోగం సార్.”

“ఏమన్నావు?”

“ఏం లేదు సార్. ఫోను గరగరలాడుతోంది.”

“చేతుల్లో ఏమున్నాయి వాళ్లకి?”

“గొడుగులు.”

“తెరిచినవా, మూసినవా?”

“వాన పడుతోంది కదా సార్, తెరిచినవే.”

“మూస్తే వెంటనే చెప్పు. నేనేం పాపం చేశాను బెరిల్? కొనేవాళ్లు లేని కార్ల సంస్థని తెచ్చి నా నెత్తిన పెట్టారు. కొనేదల్లా ముసలివాళ్లు, వాళ్లు కూడా ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. అందుకని గేటు మీద దుప్పిని దించాను. కొత్త అక్షరాలు ఎక్కించాను. కొత్త రంగు తెచ్చాను.”

“రొయ్య రంగు.”

“దాని పేరు ఉదయారుణం!”

“ఉదయారుణం కాదు సార్, ఉడికాక వచ్చే అరుణం.”

“పేరు జోలికి మాత్రం నేను పోలేదు. ఇంగ్లీషులో మూడక్షరాలు తగ్గించాను, అంతే.”

“అచ్చులన్నీ పీకేశారు సార్. వందేళ్లు అచ్చొచ్చిన పేరులోంచి అచ్చులు పీకేస్తే ఏం మిగిలింది? సరుకు తెచ్చే లారీవాళ్లు పలకలేక నన్ను అడ్రసు అడుగుతున్నారు. నేనూ పలకలేక చెయ్యి చూపిస్తున్నాను.”

“నువ్వెవరికి కొమ్ము కాస్తున్నావు?”

“కొమ్ములెక్కడివి సార్? దుప్పితోపాటే దించేశారుగా. దుప్పికి దుప్పటి కప్పి గోదాములో పడేశారు.”

“ఎగతాళి!”

“ఎగతాళి కాదు సార్, భయం. నాకు భయమేస్తే నోరు ఊరుకోదు. పాత కార్లు కట్టడం ఆపేశాం. కొత్తది వచ్చే ఏడాదన్నారు. మరి ఈ ఏడాదంతా ఈ గేటులోంచి ఏం వెళ్తుంది, ఏం వస్తుంది, నేనేం తెరవాలి, ఏం మూయాలి?”

“ఇప్పుడు మాత్రం మూసే ఉంచు! బండి పక్కన ఆ నల్లకోటువాడెవడు? ఇక్కణ్ణించి టోపీ ఒక్కటే కనపడుతోంది.”

“ఎనోక్ సార్. అంత్యక్రియలు జరిపించేవాడు. చేతిలో కర్ర...”

“కర్రా!”

“వెండి పిడి కర్ర సార్. వాళ్ల వృత్తిలో పట్టుకుంటారు.”

“ఏమంటున్నాడు?”

“ఏం అనడు. ఎదురుచూస్తాడు.”

“దేనికోసం?”

“అది... అది నేను చెప్పకూడదు సార్.”

“ఎందుకని?”

“చెప్తే చెల్లదు.”

“ఏది చెల్లదు?”

“అదీ చెప్పకూడదు. మీరొక్కసారి కిందికి... కాదు కాదు, నేనేమీ అనలేదు. నా నోటికి తాళం.”

“కిందికా? నేను దిగితే ఆ పెట్టె నాకే సరిపోతుంది!”

“మీరు పొడుగు సార్, పట్టరు.”

“పోలీసులకి ఫోన్ చెయ్యి!”

“ఆ వరసలో ఇద్దరు పోలీసులున్నారు సార్. టోపీలు చంకలో పెట్టుకుని నిలబడ్డారు.”

“పోలీసులు కూడానా! నా పని అయిపోయింది. వెనక గేటు దగ్గర నా టాక్సీ ఉందా?”

“పొద్దున్నించీ ఉంది సార్. రెండు పెట్టెలు ఎక్కించాడు. గోడమీది మీ అమ్మగారి ఫొటో కూడా.”

“అవునవును, వారం రోజుల పని. ఏదో మీటింగు.”

“వారం రోజుల మీటింగుకి అమ్మగారి ఫొటో ఎందుకు సార్?”

“ఏమన్నావు? ఫోను గరగరలాడుతోంది బెరిల్.”

“ఫోను బానే ఉంది సార్.”

“నా బల్లమీద ఒక మైకుంది చూడు, ఇది గేటు లౌడ్‌స్పీకర్‌దేనా? ఏ మీట నొక్కాలి? ఎర్రదా?”

“ఎర్రదే సార్. కానీ వద్దు. సార్, మీకు దణ్ణం పెడతాను, ముందు నేను చెప్పేది...”

“వినండి! నేను పెరెగ్రిన్ హోల్ట్‌ని! మీ నాటకం చాలు! ఖాళీ పెట్టె తెచ్చి బెదిరిస్తే బెదిరే మనిషిని కాదు నేను! ఆ డొల్ల పెట్టె మోసుకుని ఇళ్లకి పొండి! చచ్చినదాన్ని చచ్చినట్టు వదిలెయ్యండి!”

“డొల్ల కాదు నాయనా. లోపల మా వాల్టర్ ఉన్నాడు.”

“ఎవరది? ఎవరు మాట్లాడింది?”

“నేను నాయనా, డోరీన్ పర్‌స్లోని. ఇక్కడ, గేటు దగ్గర. వాల్టర్ భార్యని. నీ మైకు కన్నా నా గొంతే పెద్దదిలే, నలభై ఏళ్లు ఫ్యాక్టరీ మోతకి అలవాటుపడ్డ మనిషితో కాపురం చేశాను.”

“బెరిల్! బెరిల్, ఫోనెత్తు! వాల్టర్ ఎవరు?”

“తలుపుల వాల్టర్ సార్. ఇక్కణ్ణించి వెళ్లిన ప్రతి కారు తలుపూ తనే మూసి, చెవి పెట్టి వినేవాడు. ధప్ అంటే పంపేవాడు, ఠప్ అంటే వెనక్కి కొట్టేవాడు. మంగళవారం నిద్రలో పోయాడు. ఇక్కడ పనిచేసిన మనిషి పోతే, చర్చికి వెళ్లే దారిలో బండి గేటు దగ్గర ఆగుతుంది. మొదటినుంచీ అదే చెప్తున్నాను, శవాల బండి, శవాల బండి అని.”

“నిజం శవం.”

“నిజం శవమే సార్.”

“నేనేం కూశాను బెరిల్?”

“చచ్చినదాన్ని చచ్చినట్టు...”

“మళ్లీ చెప్పకు! వాళ్లేం చేస్తున్నారు?”

“గొడుగులు మూస్తున్నారు సార్.”

“మూస్తున్నారా!”

“వాన ఆగింది.”

“నన్ను చంపేస్తారు.”

“టాక్సీ వెనకే ఉంది సార్. మీరు వెళ్లిపోతే నేను చూడలేదని చెప్తాను.”

“వెళ్లిపొమ్మంటావా?”

“నేనేమీ అనకూడదన్నానుగా సార్. పొమ్మనకూడదు, రమ్మనకూడదు.”

“ఆవిడేం చేస్తోంది?”

“గేటు ఊచలు పట్టుకుని మీ కిటికీ వైపు చూస్తోంది.”

“సరే. దిగుతున్నాను. ఆవిడకొక్క క్షమాపణ చెప్పి వచ్చేస్తాను. గేటు కొంచెమే తెరువు. నేను పట్టేంత.”

“సార్, ఆ ఎర్ర మీట...”

“ఇప్పుడు మీటలెందుకే తల్లీ!”

గేటు దగ్గర.

“మిసెస్ పర్‌స్లో, నన్ను క్షమించండి. డొల్ల అన్నాను. డొల్ల నా బుర్ర.”

“తడిసి ముద్దయ్యావేంటి నాయనా? వాన ఆగిందిగా.”

“వాన కాదమ్మా, చెమట. బెరిల్, నువ్వు నా పక్కనే ఉండు. నేనిప్పుడెక్కడ నిలబడాలి?”

“మీ ఇష్టం సార్.”

“లోపలికి వెళ్లిపోనా?”

“మీ ఇష్టం.”

“బండి పక్కన నిలబడితే ఈ నల్లకోటు పెద్దాయన నన్ను మింగేసేట్టు చూస్తున్నాడు. వెనక్కెళ్తే జనం. ముందైతే ఎవరూ లేరు. ముందు నిలబడితే పరవాలేదా?”

“మీ... మీ ఇష్టం సార్.”

“నీ గొంతెందుకు వణికింది?”

“జలుబు సార్.”

“అదిగో, ఎనోక్ కర్ర ఎత్తాడు! బెరిల్, కర్ర ఎత్తాడు!”

“పక్కకి తప్పుకుంటున్నాడు సార్. మీకు దారిస్తున్నాడు.”

“బండి కదిలింది! నా వెనకే వస్తోంది!”

“వస్తుంది సార్. నడవండి. అయ్యో, పరిగెడుతున్నారు! మెల్లగా. వాల్టర్ మిమ్మల్ని తరమట్లేదు, తనకిక తొందరేం లేదు.”

“ఆ టోపీలెందుకు తీస్తున్నారు? ఆ తోలు కుట్టే ఆవిడ ఎందుకేడుస్తోంది? బెరిల్, ఎవడో నా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు! కొడతాడా?”

“కొట్టడు సార్. కొట్టడు. డోరీనమ్మా, ఇంక చెప్పొచ్చు కదా? నువ్వే చెప్పెయ్యి, నావల్ల కావట్లేదు. ముక్కు కారిపోతోంది.”

“నిజం జలుబేనా?”

“నోరుమూసుకుని వినండి సార్.”

“ఇలా చూడు నాయనా. ఇక్కడ బండి ఆగినప్పుడు, సంస్థ పెద్ద తనంతట తాను మేడ దిగొచ్చి పెట్టె ముందు నడిచాడనుకో, ఆ మనిషి ఉంటాడు. సంస్థా ఉంటుంది. మా అత్త కాలం నుంచీ ఉన్న నమ్మకం ఇది. దిగకుండా గుమాస్తాని పంపినవాళ్లు ఇద్దరున్నారు. ఒకడు సగం ఫ్యాక్టరీ అమ్మేసి పోయాడు. రెండోవాడు మిగిలిన సగంలో సగం. అందుకే ఎవరూ నీకు చెప్పకూడదు. చెప్పించుకుని నడిస్తే అది నడక కాదు, నటన.”

“మరి దుప్పి? దుప్పిని దించానని మీరంతా...”

“దుప్పి గొడవ పేపర్లవాళ్లది నాయనా. మావాళ్లలోనూ తిట్టుకునేవాళ్లున్నారు, లేరనను. మా వాల్టర్‌కైతే ఆ దుప్పంటేనే గిట్టేది కాదు. తలుపు మూసినప్పుడల్లా బానెట్ మీద అది ఝుంయ్యిమని మోగి తన ధప్ పాడుచేసేదట. వీళ్లొచ్చింది దానికి కాదు. కార్లు ఆగిపోయాయి, ఏడాదంటున్నారు. ఈ ఏడాదిలో నువ్వు కూడా అమ్ముకుని పోతావేమోనని ఒకటే భయం. రాత్రి మా ఇంట్లో టీ తాగుతూ ఇంకో మాట లేదు. దిగుతాడా, దిగడా, అంతే. అది చూడ్డానికొచ్చారు.”

“వీళ్లంతా నన్ను చూసి భయపడుతున్నారా?”

“మరి నువ్వేమనుకున్నావు?”

“నేను వీళ్లని చూసి భయపడుతున్నాను.”

“ఓరి నాయనో. అందుకా మైకులో ఆ వీరంగం?”

“బెరిల్ శవాల బండి అంటే నాకు సవాలు బండి అని వినపడింది. సరే శవమే అంది. అప్పుడు దుప్పి శవమనుకున్నాను. పేపర్లో బొమ్మ, శుక్రవారం, ఉత్తరం, అన్నీ కలిపి...”

“ఏమర్రా, విన్నారా అందరూ? మనం ఈయన్ని పాతిపెట్టడానికొచ్చామనుకున్నాడట! నవ్వండర్రా, పరవాలేదు. వాల్టర్ ఉంటే ముందు తనే నవ్వేవాడు. ఈ అబ్బాయిని చూడండి, పాపం, ఇంత భయపడుతూ కూడా ముందే నడిచాడు.”

“అమ్మా, ఒక్క మాట. నేను ముందు నడిచింది, అంటే, ముందు ఖాళీగా ఉందని...”

“హలో, హలో! సార్! గదిలో లేరా సార్?”

“ఎవరిదా గొంతు? బెరిల్, లౌడ్‌స్పీకర్లో ఎవరు?”

“టాక్సీ అబ్బాయి సార్. మిమ్మల్ని వెతుక్కుంటూ మీ గదిలోకి వెళ్లినట్టున్నాడు. ఎర్ర మీట మీరు ఆపలేదు, ఆ మైకు నోటి దగ్గరుంటేనే పలుకుతుంది, వీడు దానిలోకే అరుస్తున్నాడు. చెప్పబోతే విన్నారా?”

“సార్, నేను టాక్సీవాణ్ణి! విమానానికి టైమైపోతోంది! వెళ్లడమే కానీ రావడం లేని టికెట్టన్నారుగా, ఇది తప్పితే ఎలా సార్? ఇంక ఈ ఊరి మొహం చూడనన్నారు, పెట్టెలు జాగ్రత్తగా సర్దమన్నారు, సర్దేశాను. మీరెక్కడున్నారు?”

“నాయనా. ఆ సార్ ఎవరు?”

“నేనేనమ్మా.”

“మళ్లీ అందరూ నోళ్లు మూసేశారు సార్.”

“చూస్తున్నాను బెరిల్. నాకింకా భయంగానే ఉంది. నీ గేటు గదిలో మైకుందిగా, ఇలా ఇవ్వు. వైరు అందుతుందా?”

“అందుతుంది సార్. ఇదిగో. ఇది నల్ల మీట.”

“బాబూ, టాక్సీ! నా మాట వినపడుతోందా? పెట్టెలు దించెయ్యి. అమ్మ ఫొటో మళ్లీ గోడకి తగిలించు. ఈ పెట్టె ముందు నడిచినవాణ్ణి, ఆ పెట్టెలు పట్టుకుని ఎలా పోతాను?”