మీ తాత నిన్నెత్తుకున్న రోజులు

"అమ్మమ్మా, చిన్నప్పుడు నేను మీ దగ్గరే పెరిగానంట కదా. తాతయ్య నన్ను కిందికి దించేవాడే కాదని అమ్మ అంటుంది. నాకేమో ఒక్కటీ గుర్తు లేదు. ఎలా ఉండేవాడు తాతయ్య?"

నీకేం గుర్తుంటదిలే తల్లీ, పాలు మరవని పిల్లవి. ఆ దిండు ఇట్టా జరుపు. ఆఁ, చాలు. నీ పిల్లోడు పడుకున్నాడా? ఉయ్యాల ఊపుతానే ఉండు, ఆపితే లేస్తాడు. చెబుతాలే.

మీ తాతది నాపరాయి పని. మనిళ్ళల్లో కిందా పైనా పరిచిన బండలున్నయ్యే, అయ్యి తీసే పని. ఊరికి పడమటేపు రాళ్ళ గుంట ఉండేది. పొద్దున్నే సద్ది తాగి గడ్డపార భుజానేసుకొని పోతే మళ్ళా పొద్దుగూకేయాళకే రావటం. వొంటి నిండా దుమ్ము. కనుబొమలు గూడా నెరిసినట్టే ఉండేయి, పడుచోడప్పుడు గూడా. మాటలు తక్కువ. చెడ్డోడు గాదు, నా మీద చెయ్యెత్తి ఎరగడు. అందరూ అట్టా ఉండేవాళ్ళా? మా అక్క మొగుడు... సరే, ఆ గోల ఇప్పుడెందుకులే.

ఏందంటే, పిల్లల్ని దగ్గరికి తీసేవోడు గాదు. అది ఆయన్ననటానికి లేదు. ఆ రోజుల్లో అంతే. ఇంట్లో అమ్మా నాయనా ఉండంగా మగోడు సొంత బిడ్డనెత్తుకుంటే సిగ్గులేనోడనేవాళ్ళు. మీ అమ్మకి ఆరో నెలప్పుడనుకుంటా... గాదు, పాకటం వచ్చింది, ఏడో నెలేలే. నేను దొడ్లో గిన్నెలు తోముతన్నా. చాప మీద అది గుక్కపట్టి ఏడస్తంది. ఈయన వొంగి ఎత్తుకోబొయ్యాడు. అరుగు మీద నుంచి మా మామ దగ్గాడు. వొట్టి దగ్గే. వొంగినోడు వొంగినట్టే లేచి, చెంబు తీసుకొని బయటికి పొయ్యాడు. నేను దొడ్లోంచి చూస్తానే ఉన్నా.

అంతే, ఇంక అటు తరవాత ఎత్తుకోలేదు. మీ అమ్మ రూతు తరవాత నాకు ఇద్దరు పుట్టారుగాని దక్కలేదు. ఇది ఒక్కతే. ఆ ఒక్కతీ తండ్రి గడపలోకొచ్చాడంటే పొయ్యి ఎనకమాల చేరేది. కొడతాడని గాదు, కొత్త మనిషన్నట్టు. అట్టానే పెరిగింది, అట్టానే పెళ్ళయి పోయింది.

తరవాత ఆ తెల్లదొరల పెద్ద యుద్ధం వచ్చింది. మీ నాన్న పటాలంలో చేరాడు. యాడికి పంపారో తెలీదు. నిన్ను చంకనేసుకొని మీ అమ్మ ఇంటికొచ్చింది. నువ్వు అప్పుడప్పుడే తప్పటడుగులు. అయ్యి ఎట్టాంటి రోజులనుకున్నావు? కిరసనాయిలు దొరకదు, గుడ్డ దొరకదు. జొన్నలుండబట్టి బతికాం.

మొదట్లో నువ్వు మీ తాతని చూస్తే కెవ్వుమనేదానివి. ఆ దుమ్ము మొకానికి ఎవరైనా జడుసుకుంటారు. ఆయన గూడా నీ జోలికొచ్చేవోడు గాదు. ఒకనాడు కాళ్ళు కడుక్కొని సంకటి తింటన్నాడు. నువ్వు తూలుకుంటా తూలుకుంటా పోయి, ఆయన కంచంలో చెయ్యి పెట్టి ఇంత తీసి ఆయన నోటికి పెట్టావు. మీ అమ్మ నీకు పెట్టేటప్పుడు అంటదే, "ఆఁ... ఆఁ..." అని, అచ్చం అట్టానే అంటా.

ఆయన నోరు తెరవలా. చుట్టూ చూశాడు తల్లీ. నాకిప్పటికీ అదే కళ్ళల్లో ఉంది. ఎవరున్నారు దగ్గటానికి? మా అత్తా మామా ఎప్పుడో పొయ్యారు. అరుగు ఖాళీ. అప్పుడు నోరు తెరిచాడు.

ఇంక ఏం చెప్పమంటావు. మొదటిసారి ఎత్తుకున్నప్పుడు ఆ చేతులు గీరుకొని నువ్వు ఏడిచావు. రాళ్ళు మోసే చేతులు, పగుళ్ళల్లో గోరు దూరేది. మర్నాడు వచ్చీ రాంగానే "ఏమే, ఆముదం యాడుంది?" అన్నాడు. తలకేమో అనుకొని ఇచ్చా. అరచేతులకి మర్దనా చేసుకుంటా కూసున్నాడు. నేను నవ్వితే, "నీ పని నువ్వు చూసుకో" అని కసిరాడు. అది మొదలు, పనిలోంచి వచ్చి ఆముదం రాయకుండా నిన్ను ముట్టుకున్నది లేదు.

నిన్ను మెడ మీద కూసోబెట్టుకొని ఆదివారం ప్రార్థనకి గుడికి పొయ్యేవోడు. రెండు చెవులూ పట్టుకొని నువ్వు ఏ చెవి లాగితే ఆ పక్కకి తిరిగేవోడు. బజార్లో వాళ్ళు ఊరుకుంటారా? "ఏందయ్యా యేసోబూ, గుర్రానివయ్యావే" అన్నారు. మాట్టాట్టమే రాని మనిషి, "అయ్యాలే, నీకేంది కుళ్ళు?" అన్నాడు. నేను ఎనకాల నడస్తన్నా గదా, కొంగు నోట్లో కుక్కుకున్నా.

ఎండ పొద్దులో పని వదిలి ఇంటికొచ్చేవోడు. "ఏమయ్యా, ఈయాళప్పుడు?" అంటే "దప్పికైందే" అని. గుంట కాడ కుండెడు నీళ్ళుండేయి! నిన్ను చూట్టానికి. మీరిద్దరూ దొడ్లో కూసొని చీమల్ని చూస్తా ఉండేవాళ్ళు. చీమలకి పేర్లు పెట్టారు. నేను ఊడుస్తా చీపురు ఆనిస్తే ఇద్దరూ నా మీద అరిచేవాళ్ళు. అందరూ మనవల్ని ముద్దు చేస్తారు తల్లీ, అదేం వింత గాదు. ఈయన మాత్రం ఆకలిగొన్నోడు అన్నం చూసినట్టు చూసేవోడు నిన్ను.

మీ అమ్మ ఇదంతా చూస్తా ఉండేది. ఒకనాడు జొన్నలు చెరుగుతా, "అమ్మా, నాయనకి నవ్వొచ్చా?" అంది. అని మొకం చేట చాటు చేసుకుంది. ఏడస్తంది. "నన్ను ఒక్కసారన్నా ఎత్తుకున్నాడా అమ్మా?" అంది. ఆయన గోడవతల మంచం అల్లుతన్నాడు. తాడు లాగే చప్పుడు ఆగిపోయింది. విన్నాడు.

ఆ పై వారం మాచెర్ల సంతకి పోయి గాజులు తెచ్చాడు. అణాకి చేతి నిండా వచ్చేయిలే ఆ రోజుల్లో. నీకు ఎర్రయ్యి. ఇంకో పొట్లం మీ అమ్మ ముందర పెట్టి, పక్కకి తిరిగి నిలబడ్డాడు. ఇప్పింది. పచ్చ గాజులు. మంచియ్యే. గాని పదేళ్ళ పిల్లకి సరిపోయేయి. కూతురి చెయ్యి ఎంతుంటదో ఆయనకి తెలవదు. ఎట్టా తెలుస్తది? ఎప్పుడు పట్టుకున్నాడు గనక?

నేను "మార్చుకొని రా" అనబోతంటే మీ అమ్మ కళ్ళతోనే ఆపింది. సబ్బు రాసుకొని, చెయ్యి నలుపుకొని, అయ్యే ఎక్కిచ్చుకుంది. ఒకటి పగిలి నెత్తురొచ్చింది. "సరిపొయ్యాయి నాయనా" అని చెయ్యి చూపిచ్చింది. ఆయన చూశాడు. తెలివిగల మనిషేగా, తెలిసింది. "ఆఁ" అని బయటికి పొయ్యాడు.

యుద్ధం అయిపోయింది. మీ నాన్న ప్రాణాలతో వచ్చాడు, దేవుడి దయ. రైల్లో పని దొరికింది, హుబ్లీలో. వాళ్ళ బిడ్డ, వాళ్ళ సంసారం, మనం ఉండమంటే బాగుండదు గదా. మాచెర్ల టేసనుకి పొయ్యాం బండిలో. నువ్వేమో రైలు చూసిన సంబరంలో ఉన్నావు. ఏడుస్తావనుకున్నాం, ఏడవలా. కిటికీలోంచి చెయ్యి ఊపుకుంటా పొయ్యావు. ఆయనా ఊపాడు. పొగ గూడా పోయింతరవాత "ఇంక పోదామయ్యా" అంటే, "పిల్ల ఏడవలేదే, మంచిదయింది" అన్నాడు.

మళ్ళా మీరు రావటానికి ఏళ్ళు పట్టింది. మీ నాన్నకి సెలవు దొరకదు. మీరొస్తన్నారంటే ఆ రోజు నూనె రాసుకొని తలంటు పోసుకొని, ఎప్పుడో సాయంత్రం రైలైతే పొద్దున్నే టేసను కాడ కూసున్నాడు. నువ్వు దిగావు. గౌనేసుకొని ఎంత చక్కగా ఉన్నావో. ఆయన మోకాళ్ళ మీద కూసొని చేతులు చాపాడు. నువ్వు మీ అమ్మ ఎనక్కి పోయి, "ఎవరమ్మా ఈయన?" అన్నావు.

ఏడవమాకే! పిచ్చిదానా, చిన్నపిల్లవి, నీ తప్పేముంది? చెప్పమన్నావని చెప్పా. ఏడిస్తే ఆపేస్తా.

మీ అమ్మ నిన్ను ముందుకి నెడతంటే ఆయనే, "పోనియ్యమ్మా, పిల్లకి కొత్త. బలవంతం చెయ్యమాక" అన్నాడు. ఉన్నది నాలుగు రోజులు. నువ్వు యాడ ఆడుకుంటంటే ఆ కనుచూపులో కూసునేవోడు, దగ్గరికి రాకుండా. మూడో రోజు నువ్వే పోయి ఆయన పక్కన కూసున్నావు. ఏందో అడిగావు, ఆయన చెప్పాడు, నవ్వావు. నేను చూసి, ఇంకేం, కలిసిపొయ్యారు అనుకున్నా. మర్నాడు సెలవైపోయింది.

ఇంకో వారం ఉన్నట్టయితే... మీ నాన్న మాత్రం ఏం చేస్తాడు, పని అట్టాంటిది. ఆ ఏడే ఆయనకి దగ్గు పట్టుకుంది. రాళ్ళ దుమ్ము రొమ్ములో చేరింది. మీరు వచ్చేలోపే మట్టి చేశాం. చివర్లో మాట పడిపోయిందాకా "పిల్ల పక్కన కూసుందే" అనేవోడు. పక్కన కూసుందే, పక్కన కూసుందే... అదే మాట.

కూతురప్పుడు అడ్డమున్నోళ్ళు మనవరాలప్పుడు లేరు. లేనప్పుడేమో నీతో ఉండే పొద్దు చాలకపాయె. కాస్త ముందు తెలిసుంటే ఆ మనిషి ఎంత...

ఆఁ? లేచాడా? లేస్తాడులే, ఆకలేమో. ఇటియ్యి. వద్దొద్దు, నాకు గాదు. అటు చూడు, గడప కాడ మీ నాన్న. ఇందాకట్నుంచి అట్టానే నిలబడున్నాడు, చేతులు ఎనక్కి కట్టుకొని. హుబ్లీ నుంచి ఇంత దూరం వచ్చింది నా మొకం చూట్టానికా? మనవణ్ణియ్యమని అడగడు, మగోళ్ళకి అడగటం రాదు. నువ్వే తీసుకుపోయి ఒళ్ళో పెట్టు.

రావయ్యా, ఇట్టా వచ్చి చాప మీద కూసో. ఇక్కడ దగ్గేవాళ్ళెవరూ లేరు. తల కింద చెయ్యి పెట్టు, మెడ నిలవదింకా. ఆఁ, అట్టా.

నూరేళ్ళు బతకండి నాయనా, ముగ్గురూ.