నలభై ఒకటో బొమ్మ

ఎండ వాలుతున్న వేళ. తండాలో సోమ్లి ఇంటి ముందు పట్టా మీద ఎండుమిర్చి రాశి. సోమ్లి, తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన ఆమె కూతురు పుష్ప, కూర్చుని తొడిమెలు తీస్తున్నారు. లోపల పుష్ప తండ్రి భద్రు తాడు పేనుతున్నాడు. ఆ తండాలో తల్లిని యాడీ అని, తండ్రిని బా అని పిలుస్తారు.

"గట్ల గింజలు రాలగొట్టకు. తొడిమె పట్టుకొని ఒక్క తిప్పు తిప్పాలె. గదీ మర్చిపోయినవా?"

"మర్చిపోలే యాడీ. తొమ్మిదేండ్లాయె గదా, చెయ్యి తిరుగుతలేదు."

"ఖమ్మంల మిర్చి తినరా?"

"తింటరు. పొడి కొనుక్కుంటరు."

"కొనుక్కుంటరు. మంచిగుంది. నీ అత్త నిన్ను పొయ్యి కాడికి రానిస్తదా?"

"మొదట్ల రానియ్యలే. ఇప్పుడు రాఘవమ్మ గారే వండమంటది."

"అత్తను గారు అంటవా?"

"ఆళ్లల్ల గట్లనే అంటరు."

"ఆళ్లల్ల. సరే. లోపలికి పోయి నీళ్లు తాగిరా, పో."

"దూప లేదు."

"గుట్ట ఎక్కి దిగినవ్, దూప లేదంటవ్."

"బా పిలిస్తే పోత."

"మీ బా నన్నే పిలవడు. నిన్నేం పిలుస్తడు."

"మనం మాట్లాడేది లోపలికి వినపడతదా?"

"తడిక గోడనాయె. తాడు పేనేది నీకు వినపడతలేదా? నీ మాట ఆయనకు గట్లనే వినపడతది."

"వినపడనీ. నేను పని మీద వచ్చిన. ఉండనీకి రాలే."

"అవ్, చెప్పినవ్. రెండుమార్లు చెప్పినవ్. ఏం పని?"

"గుట్ట మీద గుహ ఉంది గదా..."

"గవి."

"గవి. అండ్ల ఎర్రబొమ్మలున్నయి గదా. వేల ఏండ్ల కిందటివట. వాటిని చూడనీకి మా సార్ వచ్చిండు. నేను వాటిని ఉన్నయి ఉన్నట్టు కాగితాల మీద గీస్త, ఒక్కోదానికి నంబర్ ఏస్త. మూడు రోజుల సంది గదే పని."

"మూడు రోజుల సంది గుట్ట మీదనే ఉన్నవ్. ఇయ్యాల దిగినవ్."

"ఇయ్యాల అడగాల్సింది ఒకటి పడ్డది. రేపు సార్ మళ్ల వస్తడు. ఏవి పాతవి, ఏవి ఈ మధ్య గీసినవి, నేను లిస్టు ఇయ్యాలె. పాతవాటికి కంచె కడతరు. కొత్తవాటిని మందు పెట్టి కడుగుతరు."

"కడుగుతరా?"

"అవ్."

"గా బుట్ట ఇటు జరుపు."

"యాడీ, నలభై ఒకటో బొమ్మ ఎవరు గీసిండ్రు?"

"నాకేం ఎరుక. నంబర్లు నువ్వే ఏసుకుంటివి."

"ఆడపిల్ల. జడ ఉంది. భుజానికి సంచి. సార్ దాన్ని తేనె బుర్ర అంటుండు. పాతకాలం ఆడోళ్లు తేనె తెచ్చేటోళ్లట."

"అన్నీ తెలుసు మీ సార్‌కు."

"నవ్వకు. అది కాలేజి సంచి."

"గట్లనా."

"మిగతా బొమ్మలన్నిటికీ పాదాలు ఒక్క దిక్కే ఉన్నయి. దానికి ఎడమ పాదం పక్కకు తిరిగుంది. చిన్నప్పుడు మంచె మీదికెళ్లి పడితే నా కాలు గిట్లనే..."

"కండ్లు తుడుచుకోకు. చేతికి కారముంది."

"ఏడుస్తలేను."

"కొంగుతోని తుడుచుకో."

"నేను జయప్రకాశ్‌తోని పోయిన పదకొండో రోజు బా తండోళ్లందరినీ పిలిచి, బతికున్న నాకు దినం చేసిండట. మేకను కోసిండట. హేమ్లి వదిన చెప్పింది. చేసుకోనీ అనుకున్న. నలుగురి ముందు తల ఎత్తుకోవాలె గదా. కానీ రాయి మీద గూడ నన్ను చచ్చినదాని లెక్క గీయాల్నా?"

"చచ్చినదాని లెక్క అని నీకెవరు చెప్పిండ్రు?"

"మరేంది?"

"ఆ బొమ్మలు ఏ దిక్కు చూస్తున్నయ్?"

"బయటి దిక్కు. వేటకు పోతున్నరని సార్ రాసుకుండు."

"గవిల నిలబడి చూస్తే బయట ఏముంది?"

"చెట్లు. వాగు. వాగు అవతల మన తండ."

"పోయేటోళ్లు కాదే వాళ్లు. ఇంటికి వచ్చేటోళ్లు."

"నీకెట్ల తెలుసు?"

"మీ ముత్తాత దేవ్లా గొడ్లు తోలుకొని ఈడికి వచ్చేసరికే ఉన్నయట అవి. పక్క గూడెం ముసలాయన చెప్పిండట. ఇంట్ల మనిషి పోయి తిరిగి రాకపోతే, ఎర్రమన్నుల జిగురు కలుపుకొని పోయి, పేరు పెట్టి పిలుసుకుంట గీయాలె. రాయి ఆ మనిషిని యాది పెట్టుకుంటదట. నిజమో అబద్ధమో నాకెరుక లేదు. మనింట్ల మాత్రం గట్లనే చేసిండ్రు."

"ఆ మనిషి తిరిగొస్తే?"

"వచ్చి, గడప దాటి, ఇంట్ల నీళ్లు తాగితే, గీసినోళ్లే పోయి తుడవాలె. ఇంకొకరు తుడవొద్దు."

"ఆగు యాడీ. ఆడాడ ఎర్రగ అలికినట్టు మరకలున్నయ్. వానకు చెరిగినయని రాసిండు సార్. లోపల వాన పడదు గదా సార్ అంటే నవ్విండు."

"వానెందుకు పడతది లోపల. గా మరకలు వచ్చినోళ్లయి."

"వచ్చినోళ్లయా."

"ఎన్నున్నయ్?"

"పదిహేడు."

"బొమ్మలు?"

"నలభై రెండు."

"చూడు మరి. నలభై రెండు మంది ఇంకా నడుస్తనే ఉన్నరు."

"గట్ల చెప్పకు. మూడు రోజులు వాటి ముందు ఒక్కదాన్నే కూసున్న. నేను గీత ఆపితే అవి గూడ ఆగినట్టు అనిపించేది. నిన్న ఒక కాగితం సగంలనే ఇడిచి బయటికొచ్చిన."

"భయపడకు. వాళ్లు నిన్ను చూడరు. ఎవరి ఇంటి దిక్కు వాళ్లు చూసుకుంటరు."

"ముప్పై ఎనిమిదోదాని చేతిల పొడుగ్గ ఒకటుంది. బల్లెం అంటుండు సార్."

"మీ చిన్నాయన రామ్‌సింగ్. బోరు లారీ మీద పనికి పోయిండు, నువ్వు పుట్టకముందు. చేతిల ఉన్నది బోరు పైపు. మీ తాత గీసిండు. తాత పోయిండు. ఇగ రామ్‌సింగ్ వచ్చినా తుడిచేటోళ్లు లేరు."

"అయితే నలభై ఒకటి... బా..."

"తండోళ్లు మేకను తిని పోయిండ్రు. తెల్లారి మీ బా గుట్ట ఎక్కిండు. రెండు రోజులు దిగలే. ఏటా వానలు పోయినంక పోతడు. రంగు వెలిసిందేమోనని మళ్ల పూసి వస్తడు. పోయినేడు దగ్గు పట్టుకుంది, రాళ్లు పట్టుకొని పాక్కుంట ఎక్కిండు."

"నాతోని ఒక్కసారి మాట్లాడలే. ఫోన్ చేస్తే పెట్టేసేటోడు."

"మాట్లాడేటోడైతే బొమ్మ ఎందుకు గీస్తడు."

"యాడీ."

"ఏంది?"

"నలభై రెండోది ఎవరు?"

"జల్దీ కానీ. పొద్దు పోతుంది."

"నా పక్కనే ఉంది. జానెడు గూడ లేదు. నా చెయ్యి పట్టుకొని ఉంది."

"ఇంకా రెండు బుట్టలున్నయ్."

"రంగు కొత్తగుంది. ఒకటి రెండేండ్లది. యాడీ, నా బిడ్డ ముచ్చట మీకెవరు చెప్పిండ్రు?"

"హేమ్లి ఖమ్మంల నువ్వు కాన్పుకు పోయిన దవాఖానలనే ఊడుస్తది గద. నీకు నొప్పులొస్తున్నయని ఫోన్ చేసింది. మీ బా రెండు కోళ్ల కాళ్లు కట్టుకొని బస్సెక్కిండు. బాలింతకు పెట్టాలె అని."

"బా వచ్చిండా?"

"లోపలికి రాలే. గేటు కాడ నిలబడ్డడు పొద్దందాక. సాయంత్రం నీ మొగుడు పసిగుడ్డును తెల్లబట్టల చుట్టుకొని బయటికి తెచ్చిండట. ఎంత మూటనో చేతులతోని చూపిచ్చిండు నాకు. గా కోళ్లనే చంకల పెట్టుకొని తిరిగొచ్చిండు."

"కోళ్లను ఏం జేసిండ్రు?"

"కోయనియ్యలే. ముసలివై చచ్చినయ్."

"ఆడపిల్ల యాడీ. పేరు గూడ పెట్టలే మేము."

"మీ బా పెట్టిండు. పేరు పిలవకుండ గీయొద్దు గద. ఏం పేరు పిలిచిండో నాకు చెప్పలే."

"నన్ను అడగనియ్యి."

"అడుగు. చెప్పడు. నీ కాగితంల దాన్ని ఏమని రాస్తవ్?"

"కొత్తది అని రాయాలె. అబద్ధం రాసినట్టు తెలిస్తే నా పని పోతది."

"కొత్తదంటే కడుగుతరంటివి."

"అవ్."

"పాతదే గదనే. రెండేండ్లాయె."

"యాడీ..."

"లోపలికి పోయి నీళ్లు తాగిరా. ఆయన పిలవడు. పిలవనీకి ఆయనకు నోరు రాదు. నువ్వే దాటాలె."

"తిడితే?"

"తిడితే పడు. గడప చూసుకో, ఎత్తుంటది."

"పోతున్న."

"పో."

"యాడీ."

"ఆఁ, ఈడనే ఉన్న."

"తాడు పక్కకు పెట్టిండు."

"పెట్టనీ. తాగినవా?"

"తాగిన. బా. బా, నేను పుష్పను. బా..."

"ఆయనను మాట్లాడియ్యకు. బయటికి రా."

"యాడీ, బిందె ఎత్తుకున్నడు. నేను ముట్టిన నీళ్లని పారబొయ్యనీకి పోతుండు. నా మొఖం గూడ చూడలే. పక్కకెళ్లే పోయిండు, చూడు. పోతనే ఉన్నడు."

"నేను అటు తిరగను. నువ్వే చెప్పు. బావి దిక్కు పోయిండా?"

"కాదు. మేకల బాట పట్టిండు. గుట్ట దిక్కు."

"తువాల?"

"భుజం మీదికెళ్లి తీసి చేతికి చుట్టుకుంటుండు. ఆ నీళ్లు ఒలకకుండ పట్టుకొని... యాడీ. యాడీ, నువ్వెందుకు ఏడుస్తున్నవ్?"

"మిర్చి ఘాటు."

"నా సంచి ఇటియ్యి. లిస్టుల నలభై ఒకటి కొట్టేస్త. వాన మరక అని రాస్త."

"రాసుకో. నలభై రెండు?"

"దానికేముంది. అబద్ధం రాసే పనే లేదు. బా రెండూ తుడుస్తడు గదా."

"రెండెందుకు తుడుస్తడే. వచ్చింది నువ్వొక్కదానివేనాయె."